పెనుకొండ కొండ విన్న ఏడో నంబరు

కరోనా ఆంక్షలు సడలి, ఆటస్థలాల్లోకి మళ్లీ జనాన్ని రానిచ్చిన సంవత్సరం అది. పెనుకొండలో, కోట ఉన్న కొండకు ఎదురుగా ఉండే బాస్కెట్‌బాల్ కోర్టులో ఆడపిల్లలకు సెలక్షన్ మ్యాచ్ పెట్టారు. మైకు సెట్టు నాది, గొంతూ నాదే. హిందూపురంలో నాకు సౌండ్ సిస్టమ్ దుకాణం ఉంది. పెళ్లికీ, ఎలక్షన్‌కీ, ఆటకీ ఒకే మైకు ఇస్తాను. గొంతు మాత్రం మారుస్తాను. కాస్త పెంచి చెప్పే మనిషినని మా వీధిలో నాకు పేరుంది. ఇక్కడ నేను పెంచింది వాల్యూమ్ ఒక్కటే, నమ్మండి.

ఆ రోజు ఎంపికైన పిల్లలు రాష్ట్ర శిబిరానికి వెళతారు. అక్కడ నిలదొక్కుకుంటే దక్షిణాసియా ఛాంపియన్‌షిప్‌కు వెళ్లే జట్టు దాకా దారి ఉంటుంది. మ్యాచ్ నడిపించే రామాంజులు సారు రిటైరైన పీఈటీ. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమబ్బా, క్వార్టర్ల మధ్య సినిమా పాటలు ఎయ్యొద్దు. ఆ ఛాంపియన్‌షిప్ చరిత్ర చెప్పు. పోతే యాడికి పోతామో పిల్లోళ్లకు తెలియాల గదా."

"నాకేం తెలుసు సార్ చరిత్ర?"

"నేను చెవిలో చెప్తా. నువ్వు మైకులో చెప్పు. నీ సొంత కథలు మాత్రం కలపొద్దు."

క్వార్టర్ అంటే ఆటలో నాలుగో వంతు. బంతి బుట్టలో పడగానే, వేసిన పిల్ల నంబరు, వచ్చిన పాయింట్లు గట్టిగా చెప్పడం అనౌన్సర్ పని. నంబర్ల వెనక కూడా ఒక సంగతి ఉంది. పూర్వం అంతర్జాతీయ పోటీల్లో జెర్సీలు నాలుగు నుంచి పదిహేను వరకే ఉండేవి. ఒకటి, రెండు, మూడు అని రెఫరీ వేళ్లతో పాయింట్లు చూపిస్తాడు కాబట్టి ఆ అంకెలను ఆటగాళ్లకు ఇచ్చేవారు కాదు. సారు తన బీరువాలోంచి తెచ్చిన జెర్సీలు ఆ కాలానివే. వాటిలో ఏడో నంబరు శిరీషకు దక్కింది.

శిరీష కనగానపల్లి వైపు గొర్రెలు కాచే ఇంటి పిల్ల. బూట్ల లేసు కట్టుకుంటూ నాతో అంది: "ఈ పొద్దు సెలెక్ట్ కాకుంటే రేపట్నుంచి గార్మెంట్స్ పనికి పోవాలన్నా. నాయన ఈ ఒక్క మ్యాచ్‌కే ఒప్పుకున్యాడు." నవ్వుతూనే చెప్పింది. లేసు మాత్రం ముడి పడలేదు. విప్పి మళ్లీ కట్టింది.

ఆట మొదలైన కాసేపటికే ఆ పిల్ల బంతిని బుట్టలో వేసింది. "నంబర్ ఏడు! రెండు పాయింట్లు!" అన్నాను.

కొండ దగ్గర మైకు పెడితే ఎకో వస్తుంది. మనం అన్న మాటే కాస్త ఆలస్యంగా మనకు తిరిగి వస్తుంది. అలవాటే. కానీ ఆ రోజు తిరిగి వచ్చింది నా మాట కాదు. సన్నగా, ముక్కుతో ఎవరో ఏడుస్తున్నారు.

ఫీడ్‌బ్యాక్ అనుకున్నాను. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరితే కుయ్యిమని కూత వస్తుంది. దాన్ని మా పనివాళ్లు "మైకు ఏడుస్తాంది" అంటారు. వాల్యూమ్ తగ్గించాను. హారన్ స్పీకర్ మొగం పక్కకు తిప్పాను. ఏడుపు ఆగింది. క్వార్టర్ అయ్యాక సారు చెవిలో చెబుతుంటే చరిత్ర అందుకున్నాను.

"ఈ పోటీ ఒక ఏడు ఒక దేశంలో, ఇంకో ఏడు ఇంకో దేశంలో. ఒక ఏడు అందరూ వస్తారు, ఒక ఏడు వీసా రాక ఒక జట్టు ఇంట్లోనే ఆగిపోతుంది. ఏ ఏడు ఎక్కడ పెట్టినా మన దేశం అంటే పక్క జట్లకు భయమే..."

నేను ఏడు అన్న ప్రతిసారీ కొండ మీద ఒక గొంతు పెరిగింది. మొదట ఒక ఆడమనిషి. తర్వాత ఒక ముసలాయన. ఆ తర్వాత పసిబిడ్డ. ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకేశాను. కరెంటు లేని హారన్ల మధ్య, పట్టపగటి ఎండలో, ఆ ఏడుపు అలాగే సాగింది. కుర్చీల్లో జనం కొండ వైపు తిరిగారు. సారు నా చెవి దగ్గర్నుంచి నోరు తీసేశాడు.

రెండో క్వార్టర్‌లో శిరీష వేసిన బంతులన్నీ రింగుకు తగిలి బయట పడ్డాయి. తలకాయ ఎత్తి కొండ వైపు చూడటమే ఆమె పనైపోయింది.

అప్పుడు ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చింది. శిరీష అవ్వ, ఓబుళమ్మ. మనవరాలి ఆట చూద్దామని శిరీష నాయనతో కలిసి మందను తోలుకుని నడిచి వచ్చి, గొర్రెలను కొండ వాలులో పడుకోబెట్టింది.

"ఏమప్పా మైకాయనా, ఆ బిడ్డ ఆడాల్నా, ఏడ్వాల్నా?"

"ఆడాలవ్వా. ఆమె నంబరు ఏడు. నేనేం చేసేది?"

"మల్లీ అంటివి! శనక్కాయలు కొలిచేటప్పుడు మీ ఇంట్లో ఆ మాట అంటారా?"

అప్పుడు గుర్తొచ్చింది. మా అవ్వ కూడా శేరుతో కొలిచేటప్పుడు ఆరు తర్వాత "ఆరూ ఒకటి" అనేది. ఆ అంకె నోట రానిచ్చేది కాదు.

"అది కళ్లంలో గదవ్వా. ఇది కోర్టు."

"కొండకు లెక్కలు రావప్పా. మాటే తెలుసు. ఏడు అని నువ్వు గట్టిగా చెప్తాండావు, అది ఏడుస్తాండాది. చెప్పిన మాట వింటాండే దాన్ని తప్పు పడతావా?"

మామూలుగా మైకు టెస్టింగ్ మూడుతో ఆగిపోతుంది కాబట్టి, ఈ కొండ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

ప్లగ్గు మళ్లీ పెట్టాను. మూడో క్వార్టర్‌లో శిరీష బంతి వేయగానే "నంబర్ ఆరూ ఒకటి!" అన్నాను. కొండ నోరు మూసుకుంది. శిరీష చెవులు రిక్కించి, ఏమీ వినపడక, ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల ఆడిన ఆట నేను అతిశయోక్తి లేకుండా చెప్పలేను, అందుకని చెప్పను.

క్వార్టర్ చివర సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కొంప ముంచితివి గదరా! సెలెక్టర్ మేడమ్ ఆ పాయింట్లన్నీ ఆరో నంబరుకు రాసుకుంటాంది. అదీ ఒక్కో పాయింటే!"

ఆరో నంబరు పిల్ల అప్పుడు బెంచీ మీద కూర్చుని గ్లూకోజు నీళ్లు తాగుతోంది.

సెలెక్టర్ మేడమ్‌ది మడకశిర వైపు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. షామియానా కింద ఆమెకు వాలిన పొద్దు నేరుగా కళ్లలో పడుతుండటంతో, చెవులతోనే మ్యాచ్ చూస్తోంది. వెళ్లి చేతులు కట్టుకుని, ఆ పాయింట్లన్నీ శిరీషవని చెప్పాను. మేడమ్ కసిరింది.

"ఆరూ ఒకటి అంటే ఏమిటండీ? ఇదేమన్నా శనక్కాయల మండీనా? నంబరు నంబరులా చెప్పండి. ఏడో నంబరు పేరు నా చెవిన పడకపోతే, ఆ పిల్ల ఆడనట్టే."

చివరి క్వార్టర్. ఏడు అని అంటే కొండ ఏడుస్తుంది, శిరీష గురి తప్పుతుంది. అనకపోతే ఆ పిల్ల రేపు గార్మెంట్స్ బస్సెక్కుతుంది. అవ్వ కర్ర అడ్డం పెట్టుకుని నా మైకు ముందే కూర్చుంది. అంతలో ఎవరో తోసేస్తే శిరీష కోర్టు మీద బోర్లా పడింది. బంతి దొర్లిపోతోంది.

షామియానాలో మేడమ్ ఫోనులో ఎవరితోనో, ఏడింటికి వస్తాను, మీరు భోంచేయండి అని కన్నడంలో అంటోంది: "ఏళు గంటెగె బర్తీని, ఊట మాడి."

ఏళు! కన్నడంలో ఏడును ఏళు అంటారు. హిందూపురంలో పుట్టి అది నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. మైకు నోటికి ఆనించి అరిచాను: "నంబర్ ఏళు! ఏళు! ఏళు!"

శిరీష లేచింది. దొర్లే బంతిని అందుకుని, ఇద్దరిని తప్పించుకుని, బుట్టలో వేసింది. మేడమ్ ఫోను చెవినుంచి తీయకుండానే లేచి నిలబడింది. "యావ నంబర్? ఏళా?" అని తనే అడిగి, తనే రాసుకుంది. ఆట ముగిసేలోగా ఆ ఏళును ఇంకా చాలాసార్లు అరిచాను. ఒక్క ఏడుపూ లేదు.

నా తెలివికి నేనే మురిసిపోతుంటే అవ్వ నా చొక్కా పట్టుకుని లాగింది. కొండ వైపు చూపించింది.

వాలులో పడుకున్న గొర్రెలన్నీ లేచి నిలబడ్డాయి. మేయడం లేదు, అరవడం లేదు. వాటికి పైన, కూలిన కోటగోడ వెంబడి, పొద్దుటి నుంచీ నేను బండలనుకున్నవి ఉన్నాయి. అవి కూడా లేచి నిలబడి ఉన్నాయి. మొగాలు కనపడలేదు. కోర్టు వైపే చూస్తున్నాయని మాత్రం తెలిసింది.

అప్పుడు అర్థమైంది. కన్నడంలో ఏళు అంటే ఏడు అంకె ఒక్కటే కాదు. ఏళు అంటే "లే" అని కూడా.

"ఏడిపిస్తే ఓదార్చొచ్చప్పా," అంది అవ్వ మెల్లగా. "లేపినోళ్లను ఇప్పుడు యాడ కూర్చోబెడతావు?"

మైకులో వీలైనంత మర్యాదగా, కూర్చోండని కన్నడంలోనే అన్నాను: "కూత్కొళ్ళి. దయవిట్టు కూత్కొళ్ళి."

కుర్చీల ముందు నిలబడి చప్పట్లు కొడుతున్న జనమంతా పాపం కూర్చున్నారు. మేడమ్ కూడా కూర్చుని, ఎంపికైన పేర్లలో మొదట శిరీష పేరు చదివింది. ఆ పిల్ల ఏడ్చింది. అది మామూలు ఏడుపు, నాయన భుజం మీద తల పెట్టుకుని. మేమంతా అటు తిరిగి చూసి మళ్లీ కొండ వైపు తిరిగేసరికి పొద్దు గుంకి గోడ నల్లబడింది.

శిరీష శిబిరంలో ఉంది. ఫోను చేసినప్పుడల్లా "అన్నా, ఈడ నాకు ఏ నంబరైనా పర్వాలేదు" అంటుంది. ధర్మవరం పనికి వెళుతూ పెనుకొండ దగ్గర బస్సు కిటికీలోంచి నేను తప్పకుండా చూస్తాను. గోడ వెంబడి బండలన్నీ కూర్చునే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఇంకా నిలబడే ఉంది. దానికి కన్నడం సగమే వచ్చేమో.

మైకు పట్టినవాడు ముందుగా వినేవాళ్లెవరో తెలుసుకోవాలని మా పనిలో అందరూ చెబుతారు. కుర్చీల్లో ఉన్నవాళ్లను మాత్రమే చూసుకుని మాట్లాడకూడదని నాకు చెప్పింది ఆ కొండే.