గోడ దాటినవాడికి గోడ మీద చోటు

ఎదుటివాళ్ళిద్దరూ ఎవరికి వారు తామే గెలిచామనుకుంటూ ఇంటికి వెళ్ళాలి, అదే బేరం అని మా నాన్న మెట్‌పల్లి అంగట్లో తక్కెడ పక్కన కూర్చోబెట్టుకుని నాకు నేర్పాడు. ఆ విద్యతోనే ఒక క్యాంపు మొత్తాన్ని, ముక్కుసూటి అంపైరొకాయనను, సొంత బామ్మర్దిని టీ చల్లారేలోపు ఒప్పించిన ఘనత నాది. అంత నున్నగా కుదిరిన బేరం నా జన్మలో మరొకటి లేదు. అంత చెడ్డ నిర్ణయమూ మరొకటి లేదు.

మొన్న శుక్రవారం ఇక్కడ ఖతర్‌లో మా దుకాణానికి వచ్చిన ఫిలిప్పీన్స్ క్రేన్ ఆపరేటరొకాయన, సరుకులు కడుతున్నంతసేపూ ఫోనులోంచి తల ఎత్తలేదు. అందులో కోటు వేసుకున్న పెద్దమనుషులు ఒకరి మాట ఒకరు పడనీయకుండా వాదించుకుంటున్నారు. ఏమిటి గొడవ అని అడిగితే చెప్పాడు: అమెరికావాళ్ళ బేస్‌బాల్‌లో బంతిని ఆకాశానికి పంపే వీరుడొకడు ఉండేవాడట, ఆట మానేసి చాలాకాలమైందట, ఆటలో గొప్పవాళ్ళ పటాలు పెట్టే మందిరంలో అతనికి చోటివ్వాలా వద్దా అని ఇప్పటికీ తెగడం లేదట. ఎంత దూరం కొట్టాడో చూడమని కొందరు, ఎలా కొట్టాడో చూడమని కొందరు. నేను వింటూ వింటూ ఆయన అడిగిన ఉల్లిపాయలకు బదులు బంగాళాదుంపలు తూచి సంచిలో పోశాను. మనసు అప్పటికే బిర్కత్ అల్ అవామిర్ ఇసుకలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో నేనక్కడ కంపెనీల కూలీలుండే క్యాంపుల మధ్య ఒక చిన్న బకాలా నడిపేవాణ్ణి. బకాలా అంటే మరేమీ లేదు, మన కిరాణా కొట్టే, కాకపోతే యజమాని అరబ్బు. ఆయన ఎప్పుడో ఒకసారి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, బాగుందని తలాడించి వెళ్ళేవాడు. బియ్యం బస్తాలకూ ఫ్రిజ్‌కూ మధ్య ఖాళీగా ఉన్న గోడ కోసం కూల్‌డ్రింకుల సేల్స్‌మన్ ఎన్నాళ్ళు తిరిగాడో, నేను మాత్రం దాన్ని క్రికెట్‌కు ఇచ్చేశాను. ఉదారత అనుకునేరు. శుక్రవారం ఆట అయ్యాక జనమంతా పటాలు చూడడానికి వస్తారు, వచ్చినవాళ్ళు వట్టి చేతులతో పోరు, అంతే.

ఆ గోడకు మావాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు గట్టిది. ఖతర్ వదిలి మళ్ళీ రానని టికెట్టు తీసుకున్నవాడి ఫోటో మాత్రమే ఎక్కాలి. దానికి అంపైరూ, కెప్టెనూ, గోడ నా చేతిలో ఉంది కనుక నేనూ సరేననాలి. చోటు దక్కినవాడు తన మేకు తనే కొట్టుకోవాలి. మేకు కొట్టేటప్పుడు నవ్వుతూ మొదలుపెట్టి, పటం తగిలించేసరికి ముఖం తిప్పుకున్న మగవాళ్ళను నేను చాలామందిని చూశాను.

మైదానమని మేం పిలిచేది కూడా మైదానమేమీ కాదు. ఒక వైపు వరసగా నిలిపిన ట్రైలర్లు, ఇంకో వైపు ఒక కంపెనీ స్టోర్‌యార్డు ప్రహరీ. చలికాలం మధ్యాహ్నాల్లో గాలిలో సన్నటి ధూళి లేచి, ఎండ పాలలో పసుపు కలిపినట్టు ఉండేది; దూరంగా ఫీల్డింగ్ చేస్తున్నవాళ్ళ కాళ్ళు కనపడక, మనుషులు నేలకు కాస్త పైన తేలుతున్నట్టుండేది. ట్రైలర్ల మీదుగా పోతే సిక్సు. ప్రహరీ దాటితే మాత్రం అవుట్, ఎందుకంటే యార్డులో పడ్డ బంతి మళ్ళీ రాదు. అక్కడి కాపలాదారు మంచివాడే, కానీ బంతి అడిగితే ‘మాఫీ’, అంటే లేదని, రెండు చేతులూ విప్పి చూపేవాడు. ఎలక్ట్రికల్ టేపు చుట్టిన బంతి మాకు ఆ వారానికి ఒక్కటే. అది పోతే ఆటే పోయినట్టు.

మా బామ్మర్ది కొట్టేది ఆ ప్రహరీ వైపే.

వాడు షట్టరింగ్ పని చేసేవాడు. మనిషి పొట్టి, మాట తక్కువ. బ్యాటు పట్టుకుంటే మాత్రం ఏమయ్యేదో, బంతి తగిలిన చప్పుడు కూడా ఒక క్షణం ఆలస్యంగా వినిపించినట్టుండేది. అది పైకి లేచి, ధూళిలో మసకబారి, చుక్కయి, చుక్క కూడా కాకుండా పోయేది. అప్పుడు అవతలి జట్టువాళ్ళు కూడా క్యాచ్ మాట మరిచి తలెత్తి నిలబడిపోయేవాళ్ళు. వంట వదిలేసి గరిటతో బయటికొచ్చిన వంటమనిషీ, రోడ్డు మీద ట్యాంకరు ఆపుకున్న డ్రైవరూ అందరూ అలా పైకి చూసేవాళ్ళు. ఆ తర్వాత అంపైరు బాబాయి నింపాదిగా వేలెత్తేవాడు. వాడు బ్యాటు చంకన పెట్టుకుని, సిగ్గుపడుతున్న పెళ్ళికొడుకులా, వచ్చిన దారినే వెళ్ళేవాడు.

ఫైనల్లో కూడా అదే చేశాడు. ఒక్క సిక్సు పడితే కప్పు మాది. అందరం ట్రైలర్ల వైపు చేతులు చూపిస్తున్నాం. వాడు ప్రహరీ దాటించాడు. అంత ఎత్తు లేచిన బంతిని నేను మళ్ళీ చూడలేదు. ఓడిపోయాం.

తర్వాత కొన్నాళ్ళకు వాడి కంపెనీ పని అయిపోయింది, వాడు ఊరికి శాశ్వతంగా వెళ్ళిపోవడం ఖాయమైంది. ఒక సాయంత్రం కొట్టుకు వచ్చి, కొనేదేమీ లేకుండా ఉప్పు ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

“గోడ మీద నా ఫోటో పెడ్తరా బావా? ఇన్నేండ్లు దుబాయ్‌ల ఏం జేసినవ్ బాపూ అని బిడ్డ అడుగుతది. కట్టిన బిల్డింగులల్ల నన్ను లోపటికి రానియ్యరు. గీ గోడైతే నువ్వు ఫోన్ల సూపియ్యొచ్చు.” మావాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

ఆ శుక్రవారం పంచాయితీ కూర్చుంది. అంపైరు బాబాయి గోదావరి జిల్లా మనిషి, పట్నంలో అల్ హిలాల్ అనే పేటలో ఒక విల్లాకు హౌస్ డ్రైవరు. శుక్రవారం సెలవు దొరికిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ అంపైరింగుకు వచ్చేవాడు. కెప్టెన్‌ను అందరం పెద్దన్న అనేవాళ్ళం, నిర్మల్ వైపు మేస్త్రీ. టీ గ్లాసులు పట్టుకుని జనం బియ్యం బస్తాల మీద సర్దుకున్నారు. ఎక్కువమంది వాడి వైపే. గోడ మీదున్నవాళ్ళు చేసిన పరుగులు ఒక్కటైనా గుర్తుందా, వీడి బంతి మరిచినవాడెవడని వాళ్ళ వాదన. బాబాయి మాత్రం మెత్తబడలేదు.

“కొట్టాడు, కాదన్లేదు. కొట్టిన ప్రతిసారీ నేను వేలెత్తాను. అవుటైనవాడికి మీరు పటం కడితే, రేపు నా వేలికి విలువేముంటుందయ్యా?”

పెద్దన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

“పండుకుంటె గా బంతి ఇంకా కిందికి రాలేదనిపిస్తది నాకు,” అన్నాడు. “అయినా ఓడినం గద. అటు దిక్కు కొట్టరా అంటె ఇటే ఎందుకు కొడ్తివిరా?”

వాకిట్లో నిలబడ్డ మా బామ్మర్ది తల గోక్కున్నాడు. “అటే కొడ్దామనుకున్న పెద్దన్నా. చెయ్యి ఇనలే.”

అందరూ నవ్వారు, పెద్దన్న తప్ప. ఇక అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. సరేనంటే, బామ్మర్ది కాబట్టి ఎక్కించాడంటారు. పెద్దన్న క్యాంపువాళ్ళు ఇంకో బకాలా చూసుకుంటారు. కాదంటే ఇంట్లో మా ఆవిడ ఫోనెత్తదు. అప్పుడు వెలిగింది నా అంగడి బుర్ర. వాడి బంతులన్నీ గోడ అవతలే పడ్డాయి గదా, వాడి పటాన్నీ గోడ అవతలే పెడదాం, అన్నాను. అదే గోడ, బయటి వైపు. లోపల పెట్టలేదు కనుక బాబాయి వేలు పదిలం. గోడ మీద ఉన్నాడు కనుక వాడి కోరికా తీరింది.

బాబాయే ముందు నవ్వాడు, పెద్దన్న తలూపాడు, బస్తాల మీదివాళ్ళు నా తెలివికి చప్పట్లు కొట్టారు. వాడు బయట మేకు కొట్టుకుంటూ, మంచిగ గాలి తగుల్తదిలే బావా అన్నాడు. ఎర్ర జెర్సీ, చేతిలో బ్యాటు, పైకి చూస్తున్న ముఖం. బాగానే వచ్చింది ఫోటో. మర్నాడు వెళ్ళిపోయాడు.

చలికాలం గడిచి వేసవి వచ్చింది. ఆ గోడ బయటి వైపు పడమర అని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. రోజూ దాని పక్కనుంచే లోపలికి వెళ్ళేవాణ్ణి, ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. వేసవి చివర వాడు వీడియో కాల్ చేసి, బిడ్డ పక్కనే ఉంది, చూపించమన్నాడు. ఫోను పట్టుకుని వెళ్ళాను. ఎరుపు మొదట పోయినట్టుంది, తర్వాత ముఖం. తెల్లటి కాగితం మీద బ్యాటు పిడికి చుట్టిన నల్ల టేపు మాత్రం మిగిలింది.

“బాపు ఏడున్నడు మామా?” అంది ఆ పిల్ల.

నేను ఎండ మీద నెపం పెట్టబోయేలోపు వాడే చెప్పాడు, “గా బ్యాటు పట్టుకున్నోన్ని నేనే బిడ్డా.” పిల్ల కాసేపు చూసి, మంచిగుంది అంది. ఆ ఫోటో తీసినవాడి ఫోను పాడై, ఇంకో కాపీ ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడా ఇసుకంతా గోదాములే. కొత్తగా వచ్చినవాళ్ళు దీపాల కింద ఆకుపచ్చ తివాచీ మీద ఆడుతున్నారు, చుట్టూ వల, పైన కూడా వల. బంతి పోదు. తలెత్తి చూడాల్సిన పనీ లేదు. మా కాలంవాళ్ళం మెడ వెనక్కి వంచి నిలబడ్డ ఆ కాసేపు, ఎవరు ఎవరి జట్టో, ఎవరిది ఏ దేశమో గుర్తుండేది కాదు. అలాంటి కాసేపు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలియదు.

అంగడివాడి కొడుకుని, బిల్లు వేయకుండా లేవలేను. అంపైరు బాబాయికి మాట దక్కింది. పెద్దన్నకు పంతం దక్కింది. నా కొట్టుకు ఒక్క గిరాకీ తగ్గలేదు. ముగ్గురి తరఫునా బిల్లు కట్టింది మా బామ్మర్ది. కట్టింది వాడి ముఖంతో.