అత్త అడిగిన చెంచాడు మీగడ

మా అత్త గడిచిన ఆదివారం పొద్దున శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పోయింది. రాత్రి కాపలా ఉన్న మా ఆడపడుచు ఫోను చేసేసరికి నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. మా బావ ఫోను చెవి దగ్గర పెట్టుకుని గోడకు చేరగిలబడిపోతే సంగతి తెలిసింది. పాలు పొంగి, మంట ఆరి, గ్యాసు వాసన వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉండిపోయాం. తర్వాత నేనే స్టవ్ కట్టేసి గట్టు తుడిచాను.

ఆమె మా నాన్నకు అక్క. ఆమె కొడుకునే, మా బావనే, చేసుకున్నాను కాబట్టి నాకు రెండు విధాలా అత్తే. రాజాంలో ధాన్యం కొట్ల వీధిలో చాలా ఏళ్ళు కాఫీ హోటలు నడిపింది. మీలో ఎవరైనా అక్కడ బస్తాలు కాటా వేయించి, రెండు బల్లల ఆ హోటల్లో కాఫీ తాగి ఉంటే మీకు ఆమె గుర్తుండే ఉంటుంది. మిమ్మల్ని తిట్టి కూడా ఉంటుంది.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే సరిపోతుందని అందరూ అన్నారు. మంచి మాటలకు కొదవ లేదు. కానీ ఆమె చివరి ఏడు నెలల్లో నన్ను ఒక్కటే అడిగింది, చెంచాడు మీగడ. నేను ఇవ్వలేదు. అది దాచిపెట్టి మిగతావి రాస్తే ఆమె ఊరుకోదు.

ముందు హోటలు సంగతి చెప్పాలి. మావయ్య పోయాక అందరూ మూసెయ్యమన్నారు. ఆమె పదమూడో రోజు మర్నాడే పొయ్యి వెలిగించింది. పాలు మూడిళ్ళ నుంచి వచ్చేవి. తెచ్చినవాళ్ళ ముందే బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకుని చెయ్యి వంచేది. చుక్క నిలబడితే పాలు దించుకునేది, జారిపోతే మనిషిని పంపేసేది. ఒకాయన గేదెకు వంట్లో బాగాలేదని ఏదో చెప్పబోతే, "గేదికి బాగుందిలే, నీకే బాగునేదు, ఎల్లు" అంది. సెలవులకు వెళ్ళిన నేను బల్ల మీద కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ హోటల్లో అడిగిన కాఫీ దొరికేది కాదు. ఆమె మొహం చూసి ఇచ్చిందే తాగాలి. బస్తాలు మోసి వచ్చిన కళాసీలకు చిక్కటి పాలు, చక్కెర ఎక్కువ. మధ్యాహ్నం కునుకు తీసే గుమాస్తాలకు డికాషన్ ఎక్కువ. జ్వరం తగ్గి లేచినవాళ్ళకు పల్చటి పాలలో పేరుకు డికాషన్. ఒక షావుకారు స్ట్రాంగ్ కాఫీ కావాలని పట్టుబడితే, "నిన్నే కదా గుండెల్లో దడన్నావు? పాలెక్కువేసినాను. తాగుతావా, ఎల్తావా?" అంది. ఆయన తాగాడు. పాలు ఎవరికి బలమో, ఎవరికి బరువో ఆమెకు తెలిసినంతగా నాకు ఈనాటికీ తెలియదు. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. పాలలో ఏమేముంటాయో బోర్డు మీద రాసి పిల్లల చేత బట్టీ పట్టిస్తాను.

కాపరానికి వచ్చిన కొత్తలో ఆమెను మెప్పిద్దామని ఒక కాఫీ కలిపాను. గిన్నెలో ఉన్న మీగడంతా వేసి, గరిటెతో తిప్పి, నురగ తెప్పించి ఇచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది.

"ఇదేటే? కాఫీయా, పాయసమా?"

"మీగడేసేను అత్తా."

"ఎయ్యి, ఎవుడొద్దన్నాడు? మరి కలిపీసినావేటి? వేడిలో కలిపితే నూని తేలిపోతాది. మీగడ పైనుండాల. పెదివికి సల్లగా అదే ముందు తగలాల. దాని ఎనకాల డికాషన్ రావాల, వేడిగా, సేదుగా. అప్పుడే కదా దీని రుసి దానికి తెలిసేది!"

అని తన కాఫీ కలిపి చూపించింది. ఆమె తాగేది పాల కాఫీ కాదు. చిన్న గ్లాసులో మూడు గుక్కల నల్ల డికాషన్, దాని మీద మెల్లగా జారవిడిచిన చెంచాడు మీగడ, అంతే. నేను అదేదో ఆమె దర్జా అనుకున్నాను. చాలా రోజులకు గాని అసలు సంగతి తెలియలేదు. పాలన్నీ గిరాకీకే సరిపోయేవి. తను ఒక గ్లాసు తీసుకుంటే ఒకరికి తక్కువవుతుందని, పాల గిన్నె కడిగే ముందు అంచుకు అంటుకున్న మీగడ గీకి, ఫిల్టర్ అడుగున మిగిలిన డికాషన్‌లో వేసుకునేది. అమ్మడానికి పనికిరానిదే ఆమె తాగింది. ఏళ్ళ తరబడి తాగేసరికి అదే ఇష్టమైంది. హోటలు మూసేశాక గిన్నెడు పాలు ఎదురుగా ఉన్నా అలాగే తాగేది.

నిరుడు కాళ్ళు వాచాయి. మొహం ఉబ్బింది. అత్తదీ నాదీ పుట్టిల్లు భావనపాడు వైపు. ఆ వైపు వాళ్ళకు కాళ్ళ వాపు అంటే వేరే చెప్పక్కర్లేదు. మా తాత ఈ కిడ్నీ జబ్బుతోనే పోయాడు, మా పెదనాన్నా దీంతోనే పోయాడు. నీళ్ళ వల్లంటారు, ఎండ వల్లంటారు, తేల్చి చెప్పినవాళ్ళు లేరు. పరీక్షల కాగితం చూసి డాక్టరు నోరు తెరిచేలోగా అత్తే, "తెలుసు బాబూ. మావోళ్ళందరికీ ఇదే కదా" అంది. పెళ్ళయి రాజాం వెళ్ళి నలభై ఏళ్ళు దాటినా ఆ జబ్బు ఆమెను వదల్లేదు.

ఆసుపత్రికి దగ్గరని అరసవల్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాం. వారానికి రెండుసార్లు డయాలసిస్. అందుకోసం ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువులెత్తకూడదు. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. నీళ్ళు, కాఫీ, పులుసు అన్నీ కలిపి రోజుకు మూడు గ్లాసులు దాటకూడదు. పాలు, పాల పదార్థాలు తగ్గించాలి. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి, స్కూల్ లాబ్ నుంచి కొలత గీతలున్న ఒక బీకరు తెచ్చాను. ఆమె గొంతులోకి దిగే ప్రతి చుక్కా ఆ గీతలు చూసి పోశాను. ఆమెను బతికించేది నేనేనని నాకు గట్టి నమ్మకం. కొంచెం గర్వం కూడా ఉండేది.

కాగితం చదివి నేను వేసుకున్న లెక్క ఇది. పాలే మంచిది కాదన్నారు, మీగడ అంటే పాల సారమంతా ఒకచోట చేరినది, కాబట్టి అన్నిటికంటే విషం అదే. అందుకని మీగడ పూర్తిగా మాన్పించాను. పాపం కాఫీ లేకుండా ఉండలేదని, మీగడ తీసేసిన పాలలో సగం నీళ్ళు కలిపి, రోజూ పొద్దున అర గ్లాసు పాల కాఫీ ఇచ్చేదాన్ని. అది చూసి ఆమె మొహం అటు తిప్పుకునేది.

"కుడితి తాగిస్తన్నావే నాకు. నాకీ పాలొద్దు, ఈ నీలొద్దు. మూడు గుక్కల డికాషను, దాని మీద సెంచాడు మీగడ. అంతే కదా అడుగుతన్నాను?"

"మీగడొద్దన్నారు అత్తా."

"ఎవులన్నారు?"

"కాగితంలో ఉంది."

ఆమెకు చదువు రాదు. కాగితం మాట ఎత్తితే ఊరుకునేది. మరునాడు మళ్ళీ అడిగేది. మా బావ ఒకసారి, "పోనీలేవే, ఒక్క సెంచాయే కదా" అన్నాడు. "మీ అమ్మ బతకాల, వద్దా?" అన్నాను. ఆయన ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఒక శనివారం ఒంటిపూట బడి అయి తొందరగా వచ్చాను. ఆమె వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి ఉంది. మూత తీసిన పాల గిన్నె, అందులో వేలు. నన్ను చూసి వేలు తీసి చీరకు తుడుచుకుంది. పై పెదవి మీద మీగడ ఇంకా ఉంది. క్లాసులో కాపీ కొట్టినవాడి మీద ఎలా అరుస్తానో అలాగే అరిచాను. "సిగ్గులేదా అత్తా, ఈ వయసులో దొంగతనమా?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె పెదవి తుడుచుకుని, గోడ పట్టుకుని నడిచి మంచం మీద కూర్చుంది. ఒకప్పుడు షావుకార్లను కేకలేసిన మనిషి. మర్నాటి నుంచి నేను పాల గిన్నె పై అలమరలో పెట్టడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అంత పైకి అందదు.

తర్వాత అడగడం మానేసింది. దారికి వచ్చిందని సంతోషించాను.

ఈ నెల మొదట్లో ఊపిరి అందక మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాం. వాంతులు. నోట్లో ఏదీ నిలవడం లేదు. ఆమె పోయే ముందటి గురువారం, రోగులకు ఏం పెట్టాలో చెప్పే అమ్మాయి మంచాల దగ్గరకు వచ్చింది. మా బడిలో చదివిన పిల్లలంత వయసుంటుంది. ఇంట్లో ఏం ఇచ్చేవారని అడిగితే, వరండాలోకి తీసుకెళ్ళి అంతా వివరంగా చెప్పాను. బీకరు సంగతి చెప్పాను. ఏడు నెలలుగా మీగడ ముట్టుకోనివ్వలేదని చెప్పాను. మెచ్చుకుంటుందనే చెప్పాను.

ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి, "మీగడ ఎందుకు మాన్పించారు మేడం?" అంది.

"పాల పదార్థం కదమ్మా."

"తగ్గించమనేది ముఖ్యంగా పాలు మేడం, కిడ్నీలకు పడని పొటాషియం, ఫాస్ఫరస్ వాటిలోనే ఎక్కువ, చెంచాడు మీగడలో ఉండేది తక్కువ. నీళ్ళు కలిపినా అందులో పాలు పాలే, పైగా ఆ నీళ్ళు కూడా రోజు లెక్కలోకి వచ్చేస్తాయి. మీరిచ్చిన అర గ్లాసు కంటే, ఆవిడ అడిగిన కొంచెం డికాషన్ మీద చెంచాడు మీగడే నయం. రోజుకోసారి ఇవ్వొచ్చు. ఎవర్నైనా అడగాల్సింది."

అడగలేదు. ఏడు నెలలు వారానికి రెండుసార్లు అదే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, ఈ అమ్మాయీ ఉంది. తెలియనివాళ్ళు అడుగుతారు. నాకు తెలుసు కదా, నేను టీచర్ని కదా.

లోపలికి వచ్చేసరికి అత్త పక్క మంచం ఆవిడతో మాట్లాడుతోంది. ఆవిడది టెక్కలి వైపు ఊరు, అదే జబ్బు, ఎడమ చేతికి అవే కుట్లు. నన్ను చూడగానే అత్త మొహం వెలిగింది. ఎన్నాళ్ళ తర్వాతో అలా చూశాను.

"ఇదే మా కోడలు. టీచరు. శానా కచ్చితం. దొంగతనంగా మీగడ నాకితే సిన్నపిల్లని తిట్టినట్టు తిట్టింది. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఇదలగ కాపలా కాయబట్టే ఇన్నాల్లు బతికినాను. నేకపోతే ఎప్పుడో పోదును. నువ్వూ నీ కోడలు సెప్పినట్టు ఇను."

ఆవిడ నా వైపు తిరిగి, "నాకూ కాఫీ మీద మీగడంటే పేణం టీచరమ్మా. సెంచాడు కూడా వద్దా?" అని అడిగింది.

అత్త నా చెయ్యి పట్టుకుని ఉంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నేనేం చెబుతానో అని ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు.

"వద్దమ్మా" అన్నాను.

"సూసినావా!" అంది అత్త పక్క మంచం వైపు తిరిగి, గెలిచినట్టు. ఆమె నా గురించి నలుగురిలో గొప్పగా చెప్పడం నేను విన్నది అదే మొదలు. ఆ తర్వాత మూడు రోజులే ఉంది. చెప్పడానికి ఆ మూడు రోజులూ ఉన్నాయి. ఇప్పుడు చెప్పి ఏం లాభం, బాధపడుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ పొగడ్త నాకు కావాలి. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

ఆదివారం మేం వెళ్ళేసరికి అత్త మొహం మీద దుప్పటి కప్పేశారు. మా బావ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్ళాడు. మా ఆడపడుచు బయట ఏడుస్తోంది. నేను పక్క మంచం దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు మీకు తప్పు చెప్పాను. రోజూ కొంచెం డికాషన్ మీద చెంచాడు మీగడ వేసుకోవచ్చట. పాలే తగ్గించాలట. తిండి గురించి చెప్పే అమ్మాయి రేపు వస్తుంది, మీరే ఒకసారి అడగండి."

ఆవిడ దుప్పటి కప్పిన మంచం వైపు చూసింది.

"మరి ఆవిడికి సెప్పినావా?"

"లేదు" అన్నాను.

ఆవిడ కుట్లున్న చేతిని పొట్ట మీద పెట్టుకుని, మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది.