ఇస్త్రీపెట్టె తేల్చిన ఆట

బేరూత్‌లో మంగలిషాపు నడిపే వదీకి టమాటాలు ఏరడానికే అరగంట కావాలి. ఆదివారం మధ్యాహ్నం ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంటులోనూ అంతే, చివరి సెకను దాకా మీసం మెలితిప్పుతూనే ఉంటాడు. ఆ రోజు అతనికి రెండు రాజులు పడ్డాయి. ఎదుటివాడు ఉన్న చిప్స్ అన్నీ ఒడ్డేశాడు. తనూ ఒడ్డాలా, ముక్కలు పడేయాలా? ఓడితే ఆట ముగిసినట్టే.

"ఏదో ఒకటి తేల్చవయ్యా, కాఫీ చల్లారిపోతోంది!" అంటూ భార్య జుమానా, జనరేటర్ కరెంటు అంత లోడు మోయలేదన్న సంగతి మరచి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. టప్‌మని కరెంటు పోయింది, నెట్టూ పోయింది. వదీ లబోదిబోమన్నాడు. మళ్లీ వచ్చాక చూస్తే, గడువు దాటి అతని ముక్కలు వాటంతటవే పడిపోయాయి. ఎదుటివాడి దగ్గరున్నవి రాజుల్ని మింగే రెండు ఆసులు! వాడితో తలపడ్డ మూడోవాడు మట్టికరిచాడు. వదీ ఇస్త్రీపెట్టెను ముద్దుపెట్టుకున్నాడు, మూతి చురుక్కుమంది.

ఇప్పుడు ఆటలో చిక్కుపడ్డప్పుడల్లా లోపలికి కేకేస్తాడు: "జుమానా, ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలేమైనా ఉన్నాయా?"