శేషగిరిరావుకు అందని చరణం

శేషగిరిరావు లేకుండా శావల్యాపురం మండలంలో మనిషి పుట్టవచ్చు గానీ, ఆ తర్వాత జరగవలసినవేవీ జరగవు. పేరు పెట్టడం, సంబంధం ఖాయం చేసుకోవడం, గృహప్రవేశం, గట్టు తగాదా, చివరాఖరికి పెదకర్మ భోజనాలు, అన్నిట్లోనూ ఆయన కనపడాలి. చేయవలసిన పనేమీ ఉండదు. తెల్ల చొక్కా వేసుకుని, ముందు వరస కుర్చీలో కూర్చుని కనపడాలి, అంతే. ఆయన కనపడని పెళ్ళి గురించి ఆర్నెల్ల తర్వాత కూడా "శేషగిరి ఎందుకు రాలేదంటావ్?" అని ఆరాలు తీసేవాళ్ళు ఉన్నారు.

ఈ పదవి ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. పూర్వం ఒక్క విడత సర్పంచిగా చేశారు. ఆ కాలంలో ఎవరికీ చెప్పుకోదగ్గ మేలు చేయలేదు, ఎవరికీ కీడూ చేయలేదు. పల్నాడు రాజకీయాల్లో ఇంతటి చరిత్ర ఎవరికీ లేనందువల్ల, దిగిపోయిన మర్నాటి నుంచి ఊళ్ళోని రెండు పక్షాలూ ఆయన్ని "మనవాడే" అనుకోవడం మొదలుపెట్టాయి. ఒక పక్షం వాడికి శత్రువు ఉంటే ఒకడే ఉంటాడు. ఇద్దరికీ మనవాడైనవాడికి తీరిక అనేదే ఉండదు. మిరప తోటకు మందు కొట్టించడానికి పోయినా, గట్టు మీద నలుగురు ఏదో ఒక తీర్పు కోసం కాచుకుని ఉండేవారు.

ఇట్లాంటి మనిషికి సొంత కోరికలు ఉంటాయని ఎవరూ అనుకోరు. యాభై దాటేదాకా ఆయనా అనుకోలేదు.

కోరిక గురజాల రోడ్డు మీద పుట్టింది. అక్కడ అన్నదమ్ముల పొలం పంచాయతీ ముగించుకుని తిరిగొస్తుంటే, కారు నడుపుతున్న మేనల్లుడు భరత్ ఒక పాట పెట్టాడు. 'పలుగురాయి' అని ఒక బృందం. డప్పు, గిటారు, డ్రమ్ములు కలిపి వాయించే పిల్లలు. కలుపు తీసేవాళ్ళ పాటకు కరెంటు పెట్టినట్టుంటుంది. వర్షిణి అనే అమ్మాయి గొంతు చించుకోకుండానే గుండెల్లోకి దిగేటట్టు పాడుతోంది.

"పేరడక్కే గాలీ, ఊరడక్కే... నా పాటికి నన్ను పోనీవే..."

పాట అయిపోయాక శేషగిరిరావు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

"మళ్ళీ పెట్రా."

పిడుగురాళ్ళ వచ్చేదాకా అదే పాట తిరిగింది.

"ఏంది మావా, కళ్ళల్లో నీళ్ళు?" అన్నాడు భరత్.

"ఏసీ తగ్గించు," అన్నారు ఆయన.

ఆ విధంగా శేషగిరిరావు ఒక బృందానికి అభిమాని అయ్యారు. నరసరావుపేటలో అట్లాంటి అభిమానులు చేరే చోటు రఫీక్ పురుగుమందుల కొట్టు. సాయంత్రం బేరాలు తగ్గాక రఫీక్, కాలేజీలో లెక్కలు చెప్పే అతని అక్క సబీహా, భరత్ అక్కడ చేరి, మందు డబ్బాల వాసనలో సంగీత చర్చ చేసేవారు. శేషగిరిరావు కూడా మందులు కొనే నెపం మీద వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఆయన మిరపకు పురుగు పట్టలేదంటే అందులో సంగీతం పాత్ర ఎంతైనా ఉంది.

ఇంతలో పలుగురాయి బృందం ఊరూరా కచేరీలకు బయలుదేరింది. ఈ యాత్రలో ఒక విశేషం ఉంది. 'పేరడక్కే గాలీ' పాటను ఆఖర్న పాడతారు. ఏ ఊళ్ళో పాడితే ఆ ఊరి మీద అప్పటికప్పుడు వర్షిణి ఒక కొత్త చరణం కట్టి చేరుస్తుంది. ఆ చరణం ఆ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా మళ్ళీ పాడదు. విన్నవాడు విన్నట్టు, విననివాడికి పోయినట్టు.

భరత్ విశాఖపట్నం పోయి వచ్చాడు. "సముద్రాన్ని తిట్టింది మావా! జనం లేచి నిలబడ్డారు. నా పక్కనున్న నేవీ ఆఫీసరు టోపీ తీశాడు."

సబీహా రాజమండ్రి పోయి వచ్చింది. "వంతెన మీద రైలు పోతుంటే పాట ఆపింది బాబాయ్. రైలు దాటిందాకా ఎవ్వరూ ఊపిరి తియ్యలా. తర్వాత ఆ రైలు మీదే చరణం కట్టింది."

"ఏమని కట్టింది?"

"అది చెప్తే పోయిద్ది బాబాయ్. వినాల్సిందే."

విజయవాడ కచేరీకి శేషగిరిరావు కూడా బయలుదేరారు. ఎడ్లపాడు దగ్గర రోడ్డు పక్కన షామియానా కనపడింది. కారుకంటే ముందు కారులోని మనిషిని గుర్తుపట్టే జనం మనవాళ్ళు. ఎదురుగా వచ్చి అద్దం తట్టారు. నిశ్చితార్థమట. పిల్లవాడి మేనమామను ముందు పిలవలేదని అతను అలిగి, తాంబూలాలు ఆగిపోయి ఉన్నాయి. "దేవుడల్లే వచ్చావన్నా, రెండు మాటలు చెప్పిపో," అన్నారు. శేషగిరిరావు రెండు మాటలు చెప్పారు. మేనమామ రెండువందల మాటలు చెప్పాడు. తాంబూలాలు పుచ్చుకునేసరికి రఫీక్ విజయవాడ నుంచి ఫోన్ చేసి, "బాబాయ్, అయిపోయింది. చానా మిస్సయ్యావు," అన్నాడు.

మర్నాడు కొట్టులో కృష్ణ మీద కట్టిన చరణం గురించి వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకుంటుంటే, ఆయన ఒక గడ్డిమందు డబ్బా మీది హెచ్చరికలన్నీ శ్రద్ధగా చదివారు.

అప్పుడు తెలిసింది, యాత్రలో ఆఖరి కచేరీ నరసరావుపేటలోనే అని. అంటే ఆ చరణం పల్నాడు మీద ఉంటుంది. తన ఎర్రనేల మీద, తన కుడికాలువ మీద, తన మిరప కల్లాల మీద. ఒక్కసారే. తర్వాత ఉండదు.

శేషగిరిరావు పథకం వేశారు. తెల్ల చొక్కా బదులు భరత్ గళ్ళ చొక్కా. నెత్తిన టోపీ, మూతికి మాస్కు. ఫోను ఇంట్లోనే. అది భార్య హనుమాయమ్మ చేతికిచ్చారు.

"ఎవరన్నా చేస్తే ఏం చెప్పమంటావయ్యా?"

"లేనని చెప్పు."

"యాడికి పోయావని అడుగుతారు."

"తెలీదని చెప్పు."

"మొగుడు యాడికి పోయాడో తెలీదని నా నోటితో నేనే చెప్పాలా? పొద్దున్నే ఊరంతా పలకరింపుకొస్తారు!"

"అయితే ఎత్తబాకు."

"ఎత్తకపోతే ఇంటికే వస్తారు," అంది ఆవిడ. అది నిజమే గానీ, ఆయన వినిపించుకోకుండా చెప్పులు తొడుక్కున్నారు.

కాలేజీ మైదానం నిండిపోయింది. ఆయన నలుగురి మధ్యలో, ఎవరికీ ఏమీ కాని మనిషిగా నిలబడ్డారు. డప్పు మోగింది. గిటారు అందుకుంది. వర్షిణి మొదటి పాట అందుకోగానే మైదానం మొత్తం ఒక్కసారిగా ఊగింది. ఆయన కూడా ఊగారు. పక్కనున్న కుర్రాడు భుజం మీద చెయ్యేసి "అరవండి అంకుల్!" అంటే, జీవితంలో మొదటిసారి ఏ తీర్మానానికీ సంబంధం లేకుండా గట్టిగా అరిచారు.

నాలుగైదు పాటలయ్యాక వేదిక మీదికి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి.

కుర్చీలు చూడగానే శేషగిరిరావు టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నారు. ఆయనకు తెలియని కుర్చీలు కావు అవి. కచేరీ ఏర్పాటు చేసిన కమిటీ అధ్యక్షుడు, ఒక పక్షం పెద్ద అయిన సాంబశివరావు మైకు పుచ్చుకుని, "ఒక చిన్న సన్మాన కార్యక్రమం. అయిదు నిమిషాలు. తర్వాత ఆఖరి పాట," అని ప్రకటించాడు. పాట పాడేవాళ్ళను పిలిచి, వాళ్ళచేత పాడించి, వదిలెయ్యడం మర్యాద కాదని మనవాళ్ళ నమ్మకం. శాలువా కప్పాలి. కప్పేవాళ్ళ గురించి చెప్పాలి. చెప్పేవాళ్ళకు మళ్ళీ శాలువా కప్పాలి.

అయిదు నిమిషాలు అరగంటకు చేరువయ్యాయి. డప్పు వాయించే కుర్రాడు వేదిక పక్కన కాగితాలు మంటేసి డప్పు కాచుకున్నాడు. అది చల్లారితే మళ్ళీ కాచుకున్నాడు. పది గంటల వరకే అనుమతి అని ఎస్సై గేటు దగ్గర చేతి గడియారం చూసుకుంటున్నాడు.

ఇక వందన సమర్పణ ఒక్కటే మిగిలింది. అది తానే చేయాలని సాంబశివరావు లేచాడు. రెండో పక్షం పెద్ద ఆనందరావు కూడా లేచాడు.

"మైదానం ఇప్పించింది నేను," అన్నాడు ఆనందరావు.

"కరెంటు ఇప్పించింది నేను," అన్నాడు సాంబశివరావు. "చీకట్లో పాడిద్దా నీ మైదానంలో?"

వేదిక కింద రెండు పక్షాల కుర్రాళ్ళు చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే హనుమాయమ్మ చెప్పిన మాట ఫలించింది. ఫోను ఎత్తని మనిషి కోసం ఇంటికి పోయిన ఒకాయన, ఆయన లేని సభ ఉండదుగా అని అక్కడినుంచి నేరుగా మైదానానికి వచ్చి, టోపీ కింద ఉన్నదెవరో నిలబడ్డ తీరు చూసి పట్టేశాడు.

"అదుగో, శేషగిరి బావ! ఆయన్ని మాట్టాడమనండి, గోలొదిలిపోయిద్ది!"

మైకులో ఆయన పేరు మోగింది. మైదానం చప్పట్లు కొట్టింది. ఇందాక అరవమన్న కుర్రాడు, "మీరేనా సార్!" అని భుజం మీది చెయ్యి తీసేసి దారి ఇచ్చాడు.

రెండే ముక్కలు చెప్పి దిగిపోదామనుకుంటూ శేషగిరిరావు వేదిక ఎక్కారు. గళ్ళ చొక్కా మీద శాలువా పడింది. మైకు పుచ్చుకుని, "సాంబశివరావు గారికి, ఆనందరావు గారికి, అందరికీ కృతజ్ఞతలు," అన్నారు. అక్కడ ఆపితే అయిపోయేది. కానీ ఆనందరావు మొహం ముడుచుకుంది, రెండో పేరుగా వచ్చినందుకు. అది సర్దడానికి మైదానం గురించి ఒక మాట చెప్పవలసి వచ్చింది. మైదానం గురించి చెప్పాక కరెంటు గురించి చెప్పక తప్పలేదు. ఈలోగా కింద నుంచి ఎవరో చీటీ అందించారు: "మాచవరం పెద్దలు వచ్చి ఉన్నారు." మాచవరం వాళ్ళను తలచుకుంటే మాచర్ల వాళ్ళు ఊరుకోరు. ఒక్కో పేరు చెబుతుంటే డప్పు ఒక్కో పిసరు చల్లారడం ఆయనకు తెలుస్తూనే ఉంది. వర్షిణి పక్కనే నిలబడి గొంతు సవరించుకుంటోంది. ఆమె పాటకు అడ్డం నిలబడ్డవాడు తానే. పక్కకు తప్పుకుంటే కింద తలకాయలు పగులుతాయి.

ఆఖరి పేరు చెప్పి మైకు దింపేసరికి ఎస్సై వేదిక మెట్ల దగ్గర ఉన్నాడు.

"టైం అయిపోయిందండీ. సౌండ్ ఆపండి."

మైకు చచ్చిపోయింది. జనం మోటారుసైకిళ్ళ వైపు కదిలారు. హారన్లు మొదలయ్యాయి. వర్షిణి ఒక్క క్షణం ఎస్సై వైపు చూసి, వేదిక అంచున గొంతుక్కూర్చుంది. ముందు వరసలో మిగిలినవాళ్ళు దగ్గరికి చేరారు. మైకు లేకుండా పాట అందుకుంది.

శేషగిరిరావుకు నాలుగడుగుల దూరంలో ఆమె వీపు కనపడుతోంది. ఆ పెదవులు కదులుతున్నాయని భుజాలను బట్టి తెలుస్తోంది. ఒక్క అడుగు ముందుకు వేశారు. సాంబశివరావు ఆయన చెయ్యి పట్టుకుని చెవిలో నోరు పెట్టాడు.

"బావా, మావాడి సంబంధం సంగతి. ఎడ్లపాడులో నువ్వేగా సర్దింది? మాకూ అట్టాంటిదే వచ్చి పడింది..."

"రేపు మాట్టాడుకుందాం సాంబయ్యా."

"రేపు ముహూర్తమే! పిల్ల తాత ఏమంటాడంటే..."

రెండో చెవిలోకి ఆనందరావు దూరాడు. పేర్లు సర్దినందుకు ధన్యవాదాలు చెప్పడానికి. శేషగిరిరావు ఇద్దరికీ "ఊఁ" అన్నారు. ఎదురుగా జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. భరత్ నేల మీద కూలబడ్డాడు. సబీహా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల తాత ఏమన్నాడో ఆయనకు పూర్తిగా తెలిసేసరికి వర్షిణి లేచి దండం పెడుతోంది.

మర్నాటి సాయంత్రం రఫీక్ కొట్టు కిటకిటలాడింది. ఫోన్లలో తీసిన వీడియోల్లో హారన్లు తప్ప ఏమీ పడలేదు. అందుకని విన్నవాళ్ళ మాటే ఆధారం.

"యాత్ర మొత్తంలో ఇట్టాంటి చరణం లేదు," అన్నాడు రఫీక్. "ఆఖర్న ఏడ్చేసింది పాపం."

"ఏడవలా! నవ్వింది. నేను కాళ్ళ దగ్గరే కూచున్నా," అన్నాడు భరత్.

"నీ కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని ఏం చూశావురా? గొంతు పట్టేసింది. ఆ రెండో పాదం దగ్గర."

"అది ఏడుపా? అక్కా, నువ్వు చెప్పు."

సబీహా తేల్చలేకపోయింది. మాట మీద మాట పెరిగింది. ఆఖరికి ముగ్గురూ ఒకేసారి ఇటు తిరిగారు.

"బాబాయ్ చెప్పాలి. అందరికంటే దగ్గర్లో ఉంది ఆయనే. ఏం అదృష్టం బాబాయ్ నీది!" అంది సబీహా.

శేషగిరిరావు నోరు తెరిచారు. ఆ చరణం ఏమిటో చెప్పమ్మా, అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. పాడుతున్న మనిషికి నాలుగడుగుల్లో నిలబడినవాడు అడగదగిన ప్రశ్న కాదది. రఫీక్ టీ గ్లాసు పట్టుకుని, భరత్ చేతులు కట్టుకుని, ఇరుపక్షాలూ తీర్పు కోసం చూస్తున్నారు.

"ముందు నవ్వింది," అన్నారు ఆయన. "తర్వాత ఏడ్చింది."

"అదీ!" అన్నాడు రఫీక్.

"నేను చెప్పిందీ అదేగా," అన్నాడు భరత్.

ఇద్దరూ తృప్తి పడ్డారు. ఆ తీర్పు ఖాయమైపోయింది. అప్పటినుంచి నరసరావుపేట కచేరీ గురించి ఎవరు చెప్పినా, ఆమె ముందు నవ్వి తర్వాత ఏడ్చిందనే చెబుతారు. దగ్గరుండి చూసినవాడి పేరు కూడా చెబుతారు.