పైడమ్మ పిన్ని ఇచ్చిన నిశ్చింత

పక్కింట్లో పసిపాపకు స్నానం చేయించి సాంబ్రాణి వేస్తున్నారు. ఆ పొగ గోడ దాటి నా వంటింట్లోకి వచ్చినప్పుడల్లా పైడమ్మ పిన్ని గుర్తొస్తుంది. ఆవిడ నాకు చుట్టం కాదు. అప్పట్లో మేముండే బీహారు ఊళ్ళో, బర్మామైన్స్ అనే పేటలో మా గోడను ఆనుకున్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పురిటి పిల్లలకు నూనె రాసి నీళ్ళు పొయ్యడం ఆవిడ పని. తెలుగువాళ్ళూ బీహారువాళ్ళూ అందరూ ఆవిడనే పిలిచేవారు.

పెళ్ళై నేను ఆ వీధికి వచ్చాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం. గూడ్సుబండితో వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలిసేది కాదు. చిన్నప్పుడే అమ్మ పోవడంతో శ్రీకాకుళం వైపు బంధువుల ఇళ్ళల్లో, ఇక్కడ కొన్నాళ్ళూ అక్కడ కొన్నాళ్ళూ పెరిగాను. ఏ ఇంట్లో ఉన్నా అడక్కముందే పని అందుకునేదాన్ని. పని చేస్తేనే ఉండనిస్తారని నమ్మకం. ఇక్కడికొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఒకరి పిల్లల్ని ఆడించేదాన్ని, ఇంకొకరికి అప్పడాలు ఒత్తిపెట్టేదాన్ని. అందరూ మంచిపిల్ల అనేవారు. తలుపు వేసుకున్నాక మాత్రం నాకంటూ ఎవరూ లేరనిపించేది.

ఓ మధ్యాహ్నం పిన్ని టీకి పిలిచింది. వెళ్ళీ వెళ్ళగానే దొడ్లో అంట్ల ముందు కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా చేతిలోని గిన్నె తీసేసుకుంది.

“ఏటమ్మా, రాగానే అంట్లట్టుకున్నావు? ఇలా వచ్చి కూకో.”

“ఊరికే ఎలా కూకుంతాను పిన్నీ?”

“ఊరికే కూకోడానికే పిలిసినాను. పని సెయ్యకపోతే నిన్ను రావొద్దంతానేటి?”

టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని ఉండిపోయాను.

ఆ మాట నమ్మడానికి నాకు కామెర్లు రావలసివచ్చింది. మంచం దిగలేకపోయాను. ఆయన డ్యూటీ మీద ఊళ్ళో లేరు. ఏ పనికీ కొరగాని నా దగ్గరికి ఎవరొస్తారులే అనుకున్నాను. పిన్ని రోజూ వచ్చి, గంజి తాగించి, “రేపు పనయ్యాక వత్తాను” అని చెప్పి వెళ్ళేది. అన్నట్టే వచ్చేది. మొదట్లో అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని. పోనుపోను ఆవిడ వచ్చేలోపు హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాను. వస్తుందని తెలుసు కాబట్టి.

కోలుకున్నాక నన్ను గోల్‌మురి పేటలో ఓ బాలింత ఇంటికి తీసుకెళ్ళింది. బీహారు పిల్ల. తొలికాన్పు. బిడ్డ ఏడిస్తే తనూ ఏడుస్తోంది. బిడ్డను భుజాన వేసుకుని, ఆ తల్లి ఓ కునుకు తీసేదాకా గదిలో తిరిగాను. బయటికొచ్చాక గానీ గమనించలేదు, నన్ను మెచ్చుకుందో లేదో అని నేను ఆమె ముఖంలోకి ఒక్కసారీ చూడలేదు. మనసు తేలిగ్గా ఉంది. దారిలో పిన్నిని అడిగాను.

“నీకెప్పుడూ ఒంటరిగా అనిపించదా పిన్నీ?”

“ఎందుకనిపించదు? అనిపిత్తాది. అయితే నన్నుంచుకోండని ఎవులింటికీ ఎల్లను. పిల్లకి నీల్లోసి, నాలుగు మాటలాడి వచ్చేత్తాను. ఆ పూటకి బావుంతాది.”

పిన్ని పోయి చాలా కాలమైంది. మేమిప్పుడు అదే ఊళ్ళో గోవింద్‌పూర్‌లో ఉంటున్నాం. బాలింతల ఇళ్ళకు నేనూ వెళ్తుంటాను. ఓపిక లేనినాడు రాలేనని చెప్పేస్తాను; అలా చెబితే నన్ను వదిలేస్తారన్న భయం ఇప్పుడు లేదు. మొన్నామధ్య ఇంట్లో ఎవరూ లేనప్పుడు మోకాలు పట్టేసింది. ఎదురింటి అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయికి నేనెప్పుడూ ఏమీ చేసిపెట్టింది లేదు. అయినా, “కొంచెం సాయం కావాలమ్మా” అని అడగగలిగాను. “ఆ రహీ హూఁ ఆంటీ”, వస్తున్నానంది. గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళి, తలుపు గడియ తీసి ఉంచాను.