రక్తం పేషెంటుకు, పావుగంట నాకు

హేస్ ఆంటీ పోయారన్న కబురు నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. లండన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం సంచులను సరిచూసి వార్డులకు పంపే పని నాది. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళాల్సిన రెండు సంచుల మీద నంబర్లు చూస్తుండగా జేబులో ఫోను మోగింది. నంబర్లు సరిచూడటం పూర్తిచేసి, సంతకం పెట్టి, సంచులు పంపేశాక కారిడార్‌లోకి వచ్చి తిరిగి చేశాను. ఆంటీ కూతురు ఎత్తింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే వస్తుంది. ఆ రోజు మాత్రం తెలుగులో చెప్పింది.

"అక్కా, అమ్మ పోయింది."

తర్వాత తనే అడిగింది, "ఇందాక ఎత్తలేదు. పనిలో ఉన్నావా?"

"థియేటర్‌కి బ్లడ్ పంపాలి. పంపేశాను."

"గుడ్. అమ్మ ఫస్ట్ అదే అడిగేది," అంది.

లండన్ తెలుగువాళ్ళ ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది నగరం పడమటి అంచున ఉన్న హేస్‌లో ఆమె ఇంట్లో టీ తాగినవాళ్ళే. హౌన్స్‌లోలో ఒక గదిలో నలుగురు సర్దుకుని, ఎయిర్‌పోర్టులో పార్ట్‌టైం పనులు చేసుకుంటూ చదువుకున్న మాలాంటి పిల్లలకు ఆదివారం అన్నం పెట్టిన ఇల్లు అది. మీకు ఆమె వంట గుర్తుంటుంది. ఆమె మా ఊరిలో ఏం చేశారో మీలో కొద్దిమందికే తెలుసు. ఆమె చెప్పుకునే మనిషి కాదు కాబట్టి నేను చెప్తాను.

ఆంటీ డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. ఇక్కడ రక్తదాన శిబిరాల్లో దాతల్ని చూసుకునే ఉద్యోగం చేసేవారు. తెల్లారే వ్యాను ఎక్కి, ఒక రోజు చర్చి హాలు, ఒక రోజు స్పోర్ట్స్ సెంటర్, ఒక రోజు లైబ్రరీ. మంచాలు పరచడం, దాతను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం, రక్తం తీయడం, తర్వాత స్క్వాష్ అనే పళ్ళ షర్బత్తు, బిస్కెట్లు ఇవ్వడం. డ్యూటీల పట్టికలో ఏ పని పడినా చేసేవారు గానీ, ఆమెకు ఇష్టమైనది ఆ చివరి బల్ల. రక్తమిచ్చి లేచిన మనిషి పావుగంట కూర్చోవాలి. అందరికీ తొందరే. ఎవరైనా కుర్చీలోంచి లేవబోతే ఆంటీ ఏమీ అనేవారు కాదు. అరచెయ్యి కిందికి తిప్పి, గాలిని రెండుసార్లు మెల్లగా అదిమేవారు. అంతే, ఆరడుగుల మనిషైనా మళ్ళీ కూర్చునేవాడు.

ఆమె పుట్టింది కడప జిల్లాలో మా పట్నంలోనే. పెళ్ళయి ఇక్కడికి వచ్చారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆమె కంటపడేది ఆసుపత్రి గేటు. పేషెంటుకు రక్తం కావాలంటే ముందు మీ మనిషిని ఒకరిని తెచ్చి ఇప్పించండి అనడం అక్కడ మామూలు. అందుకని గేటు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి, వచ్చేపోయేవాళ్ళను బతిమాలుతుండేవారు. తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మ కోసం అలా నిలబడింది మా నాన్న. ఆయన చేతి వేలు పట్టుకుని నిలబడింది నేను. అమ్మ బతికింది. కానీ "అన్నా, ఒక్క సీసా" అని నాన్న ప్రతి మనిషినీ అడిగిన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా పట్నంలో రక్తనిధి, అంటే బ్లడ్ బ్యాంకు, ఎందుకు మొదలుపెట్టారని అడిగితే ఆంటీ పెద్ద కథ చెప్పేవారు కాదు. "హేస్‌లో పేషెంటు చుట్టాలు గేటుకాడ నిలబడి ఎవర్నీ అడగరు. మన ఊర్లో మాత్రం ఎందుకు అడగాల?" అనేవారు. ఈ దేశంలో ఉన్న కొందరు తెలుగు డాక్టర్లను, మా పట్నంలో రిటైరైన ఒక డాక్టరుగారిని కలిపి ఆమె ఒక కమిటీ వేయించారు. లాభం చూసుకోని సంస్థ. స్వచ్ఛందంగా ఇచ్చిన రక్తమే తీసుకోవాలి, పేషెంటు మనుషుల్ని దాత కోసం తిప్పకూడదు. ఈ రెండు షరతుల మీద ఆమె ఒక్క అంగుళం జరగలేదు. రక్తాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీసే యంత్రం ఏది కొనాలి, కరెంటు పోతే ఫ్రిజ్‌లు ఎలా నడవాలి అని డాక్టర్లు గంటలకొద్దీ మాట్లాడుకుంటుంటే ఆమె ఒకటే మాట అన్నారట.

"మిషన్లు మీరు చూసుకోండి. కుర్చీలు నేను చూసుకుంటా."

నేను ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా పూర్తిచేసిన సంవత్సరమే అది తెరిచారు. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. నాన్న బండల ఫ్యాక్టరీలో కడప రాళ్ళు కోసేవాడు, అమ్మ అక్కడే మోసేది. మొదటి శిబిరానికి ఉద్యోగం అడగడానికి వెళ్ళి, ముందు రక్తమిచ్చి మెప్పు పొందుదామనుకున్నాను. వేలి నుంచి తీసిన చుక్కను నీలం రంగు ద్రావణంలో వేస్తారు. మునిగితే రక్తం బాగున్నట్టు, తేలితే తక్కువున్నట్టు. నా చుక్క పైనే తేలుతూ కూర్చుంది. బాత్‌రూంలో ఏడ్చి ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి ఎదురుగా ఆంటీ.

"తేలిందా?"

తల ఊపాను.

"ఊర్లో ఆడపిల్లలవి సగం తేల్తాయి. దానికేడుస్తారా పాపా? అన్నం తిను, చెనిక్కాయల బెల్లం ఉంటలు తిను. రక్తం లేకపోతే పోనీ, గొంతు ఉండాది కదా. వచ్చినోళ్ళకు ఫోన్లు చేసి, మళ్ళా ఎప్పుడొస్తారో అడిగే పని నీది."

అదే నా మొదటి ఉద్యోగం. ఆ వారంలోనే పెట్టిన రెండో శిబిరానికి ఫ్యాక్టరీ నుంచి పదిమందిని నేనే తీసుకొచ్చాను. వాళ్ళలో మా నాన్నతో పాటు రాయి కోసే ఒకాయన, నాకు చిన్నాయన వరస. ఆయన రక్తమిచ్చాడు, టీ వద్దన్నాడు, బయటికి నడిచాడు, మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడు. నుదుటికి చిన్న గాయమే. కానీ సాయంత్రానికల్లా మా వీధంతా ఒకటే మాట: రక్తమిస్తే మనిషి పడిపోతాడు, ఆ పిల్ల మాట వినొద్దు.

ఆంటీ లీవు అయిపోయి హేస్ వెళ్ళిపోయారు. వేసవి వచ్చింది. ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇవ్వడానికి ఆగాల్సిన మూడు నెలల గడువు దాటిన దాతలకు ఫోన్ చేస్తే "చూస్తాంలే" అనేవారు, లేదా ఎత్తేవారే కాదు. లోపల యంత్రాలన్నీ మెరుస్తున్నాయి, ఫ్రిజ్‌లో అరలు ఖాళీ అవుతున్నాయి. చివరికి కమిటీ డాక్టరుగారు ఒక నోటీసు టైపు చేయించారు: రక్తం కావలసినవారు దాతను వెంట తీసుకురావలెను. ఆయన చెడ్డవారు కాదు, పేషెంట్లకు లేదని చెప్పలేక అలసిపోయారు. ఆ కాగితం చూస్తుంటే నాకు మళ్ళీ గేటు దగ్గర మా నాన్నే కనిపించాడు. హేస్‌కు ఫోన్ చేశాను. వారం తిరక్కుండా ఆంటీ వచ్చారు.

"నా లీవు నాలుగు వారాలు సార్. అంతవరకూ ఆ పేపరు గోడకెక్కియ్యొద్దండి," అన్నారు.

"మీరొచ్చి ఏం చేస్తారమ్మా? మనుషులు రాకపోతే?"

"ఎందుకు రాలేదో అడిగొస్తా."

నిజంగా అదే చేశారు. నన్ను వెంటబెట్టుకుని మధ్యాహ్నం అన్నం వేళకు బండల ఫ్యాక్టరీకి వచ్చారు. చిన్నాయన తువ్వాలుతో ఒక రాయి దుమ్ము దులిపి ఆమెను కూర్చోమన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"ఆ పొద్దు టీ ఎందుకు తాగకుండా పోతివి నాయనా?" అని ఆంటీ అడిగారు.

"దానం చేస్తిమి కదమ్మా. ఇచ్చిన చేత్తోనే మళ్ళా మీ బిస్కట్టు తీసుకుంటే అది దానమెట్లయితాది? అమ్ముకున్నట్లుంటాది."

చుట్టూ ఉన్న తక్కినవాళ్ళు అవునన్నట్టు చూశారు. వాళ్ళలో ఎవరూ తాగలేదు. ఒకతను మాత్రం నవ్వాడు. "వాడు పడింది టీ లేక కాదులేమ్మా, సూదిని చూసి." అందరూ నవ్వారు. చిన్నాయన కూడా తిట్టి నవ్వాడు.

దానానికి బదులు తీసుకోకూడదన్న మాట నాకు కొత్త కాదు, మా ఇంట్లోనూ అలాగే అనుకుంటారు. అయినా అన్ని రోజులు ఫోన్లు చేసి నేను ఒక్కసారి కూడా అడగలేదు. చదువుకున్నదాన్ని, చెప్పడమే నా పని అనుకున్నాను. ఆంటీ మాత్రం కళ్ళు తిరగడానికి కారణం వివరించలేదు, మూఢనమ్మకం అనలేదు. "నువ్వనేది నిజమే. దానానికి బదులు తీసుకోగూడదు," అన్నారు. "అయితే నాకింకొకటి ఇచ్చిపో. రక్తం పేషెంటుకు ఇస్తివి. ఒక పావుగంట నాకియ్యి. అంత దూరం నుంచి వచ్చినా, కూర్చుని మాట్లాడే మనిషి లేడు ఈడ. నా కాడ కూర్చో. నా ఇంటికొచ్చినోడివి ఒట్టి నోటితో కూర్చుంటావో, టీ తాగుతావో, అది నీ ఇష్టం."

చిన్నాయన ఆమెను పరీక్షగా చూశాడు. "పావుగంటే కదా?"

"గడియారం నువ్వే పెట్టుకో."

మర్నాడు ఆమె రక్తనిధిలో టీ బల్ల మీది 'అల్పాహారం' అన్న బోర్డు పీకించారు. బల్లను, కుర్చీలను వరండాలోకి మార్చి, గుండ్రంగా వేయించారు. తన అన్నగారింటి నుంచి స్టీలు గ్లాసులు తెప్పించారు. లీవులో చివరి ఆదివారం పొద్దున పది గంటలకు ఆ కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. డాక్టరుగారు నోటీసు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను గ్లాసులు కడిగినవే మళ్ళీ కడుగుతున్నాను. పదిన్నరకు ఫ్యాక్టరీ ట్రాక్టరు వచ్చి ఆగింది. తలస్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, పెళ్ళికి వచ్చినట్టు దిగారు. మా నాన్న కూడా వాళ్ళలో ఉన్నాడు.

అందరికంటే ముందు చిన్నాయనే పడుకున్నాడు. ఇచ్చి లేచి, అలవాటుగా మెట్ల వైపు తిరిగాడు. వరండాలోంచి ఆంటీ అరచెయ్యి గాలిని రెండుసార్లు అదిమింది. ఆయన నవ్వుకుని కూర్చున్నాడు. టీ తాగాడు. ఇంగ్లండులో వానలు నిజంగా రోజూ పడతాయా అని అడిగాడు.

"పావుగంటాయెనా అమ్మా?"

"ఇంకా రెండు నిమిషాలుండాది. కూర్చో."

డాక్టరుగారు చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. అది ఇప్పటిదాకా గోడ మీదికి ఎక్కలేదు. తర్వాత కూడా కష్టకాలాలు వచ్చాయి, డెంగ్యూ వచ్చిన సంవత్సరం ప్లేట్‌లెట్ల కోసం రాత్రింబగళ్ళు పనిచేశాం. అయినా మా పట్నంలో ఆ గేటు దగ్గర ఎవరూ బతిమాలరు. అడగాల్సిన మనిషి రక్తనిధి ఫోన్లో ఉంటుంది, ఇవ్వాల్సిన మనిషికి తన గడువు తెలుసు. ఇది మా ఊరు చేసిన పని. అలా చేయగలదని ముందుగా నమ్మింది ఆమె.

నేను ఇక్కడ మాస్టర్స్ చదవొచ్చని చెప్పింది కూడా ఆమే. ఇక్కడికి వచ్చాక ఒక సంగతి తెలిసింది. మలేరియా ఉన్న దేశాలకు వెళ్ళొస్తే కొన్ని నెలలపాటు ఇక్కడ రక్తమివ్వనివ్వరు. ఏటా రెండుసార్లు మా ఊరికి తిరిగిన ఆంటీకి ఆ నెలలు ఎప్పుడూ పూర్తయ్యేవి కావు. ఊరూరా వేలమంది చేత రక్తమిప్పించిన మనిషి, ఏళ్ళ తరబడి తాను ఇవ్వలేకపోయారు. బాధగా లేదా అంటే, "నా చేయికి సెలవిచ్చినా, నోటికి లేదు కదా," అన్నారు. నేను ఆమె వండిన రాగి సంగటి, ఉంటలు తిని తిని, ఒక శనివారం హేస్‌లోని చర్చి హాల్లో మొదటిసారి రక్తమిచ్చాను. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. అయినా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, నా చేత పావుగంట పూర్తిగా ఇప్పించుకున్నారు.

పోయిన చలికాలం ఆమెకు జబ్బు చేసి, అది ముదిరి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన స్టాండుకు ఎర్ర సంచి వేలాడుతోంది. నాకు తెలియకుండానే దాని మీది నంబరు చదువుతుంటే ఆమె నవ్వారు. "ఈడ కూడా డ్యూటీనేనా పాపా?"

తర్వాత చాలాసేపు ఆ సంచి వైపే చూశారు.

"ఎవరిదో ఏమో. టీ తాగినారో లేదో. ఏ బస్సుకో తొందరపడి లేసి పోయినారో."

"తాగే ఉంటారు ఆంటీ."

"నువ్వు చూసినావా?"

ఆమె కళ్ళు మూసుకున్నారు. దుప్పటి మీదున్న చెయ్యి కొంచెం పైకి లేచింది. అరచెయ్యి కిందికి తిరిగింది. ఆ సంచి వెనక ఎక్కడో ఉన్న, ఆమెకు ఎప్పటికీ తెలియని మనిషి కోసం, గాలిని మెల్లగా రెండుసార్లు అదిమింది.