ఎలుగుబంటి మిగిల్చిన ముఖం

మా అమ్మలు వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే, గట్టు మీద పిల్లల్ని చూసుకునే అవ్వ మమ్మల్నందరినీ ఒకే తాడుతో తన నడుముకు కట్టుకుని కూర్చునేది. ఒకరోజు ఒక పిల్ల ముడి విప్పుకుని పొదల్లోకి పోయింది. ఎలుగుబంటి మీదికొచ్చింది. అవ్వ కొడవలితో తాడు కోసుకుని ఉరికి, దాని మూతి మీద నరికింది. అది అవ్వ ముఖం చీల్చి, ఒక కన్ను పెరికేసి పోయింది.

తర్వాత అవ్వ పిల్లల వేళ్లు పట్టుకుని ఆ కంటి గుంటలో పెట్టించేది. "పొదలకాడికి పోతే ఇట్లనే పెరుకుతాది!"

"పిల్లోల్లు జడుసుకుంటాండారు, ఇడువవ్వా!" అని తల్లులు అరిచేవాళ్లు.

"జడుసుకోనీ. నాకింక ఒక్క కన్నే ఉండాది."

నా వేలు మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ రోజు సీతాఫలం కోసం ముడి విప్పుకుంది నేనే.